మహిపాల్‌కు నీడ పడదు

దుబాయి ఎండకు మహిపాల్‌కు మతి చెడిందని మన్సూరాబాద్‌లో పుట్టిన పుకారు శుద్ధ అబద్ధం. దిల్‌సుఖ్‌నగర్‌లో జనమంతా మెట్రో వంతెన నీడలో బస్సు కోసం నిలబడితే, అతనొక్కడే ఎండలో నిలబడతాడు, అంతే. "పిచ్చోనికి బువ్వ వెట్టినవా?" అని ఇరుగుపొరుగు ఆడవాళ్లు పకపకా నవ్వినా భార్య సంధ్యారాణి ఓర్చుకుంది. విడాకులిప్పిస్తామని అన్నలు వచ్చి కూర్చున్నాక మాత్రం మొగుణ్ని లోపలికి పిలిచి నిలదీసింది.

"నిజం జెప్పు. నీడంటే ఏం పగ నీకు?"

"ఆడ సముద్రం ఒడ్డున ఆకాశమంత బిల్డింగుల కాడ వాచ్‌మన్ కొలువు నాది. నీడకొచ్చిన కూలోళ్లను తరుముడే పని. మనూరి స్తెఫను జర కూసుంటనని కాళ్లు వట్టుకున్నడు. తరిమిన. రెండు బిల్డింగుల నడుమ ఎండల నడుసుకుంట పోయి పడ్డడు, మళ్ల లేవలే."