హుస్సేన్ పీరా ఎడమ చెయ్యి

ఆళ్లగడ్డలో నాటుగుడ్ల హుస్సేన్ పీరా అంటే తెలియనివాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళుగా పల్లెల నుంచి వచ్చే గుడ్లను బల్బుకు అడ్డం పెట్టి చూస్తాడు. లోపల తేటగా ఉంటే అమ్మకానికని కుడిపక్క ట్రేలోకి. ఎర్రటి నరాలు కనిపించాయా, పిల్ల కట్టిందని ఎడమ చేత్తో బకెట్లోకి. ఈ పనిలో ఆయన్ని మించినవాడు జిల్లాలోనే లేడని ఊరంతా అనేది. ఊరికంటే ముందు ఆయనే అనేవాడు.

రోడ్డు వెడల్పు కోసం చింతచెట్టు కొట్టేస్తే కొమ్మల్లో గద్ద గూడు, అందులో మూడు గుడ్లు దొరికాయి. అహోబిలం పోయి గరుత్మంతుడికి దండం పెట్టే ఊరే, కోడిపిల్లల మీదికి వస్తే గద్దను రాళ్ళతో తరుముతుంది. అలాంటి గద్దల్ని కాపాడ్డానికి నంద్యాలలో ఒక సంఘం ఉందని ఆ రోజే చాలామందికి తెలిసింది. ఆ సంఘంలో పనిచేసే శ్రీనిధి జీపులో వచ్చి, గుడ్లు తీసుకుని నేరుగా పీరా అంగడికి వెళ్ళింది.

"పొదిగే పెట్టెలో బతికున్నవే పెట్టాల. చూసి చెప్పు పీరన్నా."

పీరా మీసం దువ్వాడు. "నా కన్ను ఇంతవరకు తప్పింది లేదమ్మా."

చుట్టూ చేరిన జనానికి గద్దల గొప్పతనం వివరిస్తూనే ఒక్కో గుడ్డూ బల్బుకు పెట్టాడు. ఒకదాన్ని దూదిలో చుట్టి ఇచ్చాడు.

"మిగతావి?"

"వాటి సంగతి వదిలెయ్ తల్లీ."

సాయంత్రం బకెట్ పారబోయడానికి వచ్చిన భార్య ఖాసింబీ అరిచింది. "ఏందీ, గద్ద గుడ్లు ఈడుండాయి?"

పీరా ఒకదాన్ని బల్బుకు పెట్టాడు. ఎర్రటి నరాల మధ్య చుక్కంత గుండె కొట్టుకుంటోంది. ముప్పై ఏళ్ళ అలవాటు పిల్ల కట్టని ఉత్త గుడ్డును నంద్యాలకు పంపి, ప్రాణమున్నవాటిని చెత్తలో వేసింది. రెండోది పడేసిన దెబ్బకే చిట్లిపోయింది. పెళ్ళాం ముందు తల ఎత్తలేకపోయాడు. మిగిలిన గుడ్డును చొక్కా లోపల పొట్టకు ఆనించుకుని నంద్యాల బస్సెక్కాడు. కుదుపు వచ్చినప్పుడల్లా సీట్లోంచి లేచి నిలబడ్డాడు.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు. శ్రీనిధి గుడ్డు అందుకుని పొదిగే పెట్టెలో పెట్టింది. నాలుగు తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆయనకు.

మూడు వారాలకు పిల్ల బయటికి వచ్చింది. సంఘంవాళ్ళు సభ పెట్టారు. గుడ్డును ఒంటికి హత్తుకుని తెచ్చిన నిపుణుడని పీరాకు శాలువా కప్పి, మైకు చేతికిచ్చారు.

"బతికున్నవి రెండు," అన్నాడు పీరా. "ఒకదాన్ని నేనే సంపినా."

ఎంత పెద్దమనిషో, ఎంత వినయమో అనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.