చీకటికి అంటగట్టిన వంశం

ఎర్సీలియా టీచరమ్మ ఆ చలువరాతి పలకకేసి కన్నెత్తి కూడా చూడదు. ఇటలీలో, తోస్కానా కొండల్లోని మా మోంతెరోవోలో తరాల పిల్లలకు చదువు చెప్పిన మనిషి ఆవిడ. తెలియనిది తెలుసని ఏనాడూ చెప్పలేదు. ఆవిడకున్న ఆస్తల్లా ఆ పేరే.

గొడవంతా కిందూరి వాళ్లతో వచ్చింది. తమ చర్చిలో ఎవరో పునీతుడు ఓ రాత్రి పడుకున్నాడని వాళ్లు గోడకు పలక తాపించారు. ఇక మావాళ్లకు నిద్ర పడుతుందా? ఊరి సంఘం పెద్ద, మందుల షాపు నోర్బెర్తో, ఇటాలియన్‌లో చీకటిని బూయో అనడం మా కొండమీదే మొదలైందని తేల్చేసి, మనమూ ఓ పలక చెక్కిద్దామన్నాడు. రోమన్లకంటే ముందటి ఎట్రూస్కన్ల కాలంలో ఇక్కడ బూయుస్ అనే చీకటిదేవుడు ఉండేవాడట! దేవుణ్ణి కూడా షాపులో మందు కలిపినట్టు కలిపేశాడు మహానుభావుడు.

టీచరమ్మను అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది. పండితులు అనుకునేది ఇంతే: బూయోకు మూలం పాత లాటిన్‌లోని బుర్రుస్, అంటే ఎరుపు. మూతి ఎర్రగా ఉన్న పెయ్యనూ, తాగి కందిపోయిన మొహాన్నీ రైతులు ఆ మాటతోనే పిలిచేవారు. దాని వెనక నిప్పు రంగును చెప్పే గ్రీకు మాట ఉంది. ఆ ఎరుపే ముదిరి ముదిరి చివరికి చీకటైంది.

నోర్బెర్తో మొహం చిట్లించాడు.

"పెయ్య మూతీ, తాగుబోతు ముక్కూనా టీచరమ్మా? ఇవి చెక్కిస్తే కిందూరి వాళ్లు మన మొహాన ఉమ్మరూ?"

"అబద్ధం చెక్కిస్తే నేనే ఉమ్ముతాను నాయనా," అందావిడ.

చెస్ట్‌నట్ కాయల పండగనాడు పలక మీది గుడ్డ లాగారు. బూయుస్ కథంతా చెక్కి, అడుగున "ఎర్సీలియా టీచరుగారి పరిశోధన ప్రకారం" అని పెట్టారు. ఒక్క మాటైనా అడగలేదు. ఛీ, ఇంత సిగ్గుమాలిన పనా! ఆవిడ అక్కడే, అందరి ముందూ, ఇది పచ్చి అబద్ధమనీ, తన పేరు తీసేయమనీ చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. టీచరమ్మకు ఎంత వినయమో అనుకుంటూ కాల్చిన కాయల మీదా, కొత్త వైను మీదా పడ్డారు. పేరు చెక్కి తీసేస్తే రాయి పగులుతుందని నోర్బెర్తో చేతులు దులుపుకున్నాడు.

చలికాలంలో ఓరోజు రొట్టెల కొట్లో, కొట్టువాళ్ల కూతురు జినేవ్రా ఆవిణ్ణి చూసి, చేతులు కట్టుకుని, బడిలో నేర్పిన బూయుస్ దేవుడి పాఠం గడగడా అప్పజెప్పింది. ఒక్క తప్పు లేదు.

"అది తప్పమ్మా. ఎవరు చెప్పారు నీకు?"

"మీరేగా!"

"కాదు తల్లీ, నేను చెప్పింది వేరు. ఎరుపులోంచి వచ్చింది ఆ మాట."

పిల్ల ఆవిడకేసి జాలిగా చూసింది. "అలా రాస్తే మార్కులు పోతాయండీ."