డ్రోను తిన్నగా ఎందుకు ఎగరలేదంటే

హారికా, రాసుకో. నవ్వకుండా రాయి. ఫ్రైబర్గ్‌లో ఒక జర్మన్ ప్రొఫెసర్ చేత బూట్లు విప్పించి, మంచుకు తడిసిన గడ్డిలో మేజోళ్ళతో అరగంట నిలబెట్టిన ఫిజిక్స్ లెక్చరర్ని ప్రపంచం మొత్తమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. పాపం, ఆయన తప్పేమీ లేదు. తప్పంతా నా నడుం దగ్గరుంది.

మూడేళ్ళ కిందటి మాట. అప్పటికి నాకు అరవై ఎనిమిదే. కుర్రతనం, దుడుకు. కాకినాడలో జూనియర్ కాలేజీ పిల్లలకి ముప్పై ఏళ్ళు అయస్కాంతాల పాఠం చెప్పి రిటైరైనదాన్ని. ఇదిగో, ఈ రాస్తున్న మనవరాలు అక్కడ మైనింగ్‌లో మాస్టర్స్ చేస్తుంటే చూడ్డానికి వెళ్ళాను. వెళ్ళిన వారానికే ఆ చలికి నడుం పట్టేసింది. పెట్టె అడుగున మా సుభద్ర వదిన ఇచ్చిన అయస్కాంతాల పట్టీ ఉంది. నడుముకు చుట్టుకుంటే నొప్పిని లాగేస్తుందని ఆవిడ ఊరందరికీ అంటగట్టేది. "అయస్కాంతం ఇనుముని లాగుతుంది గానీ నొప్పిని లాగదు వదినా" అని ఒక గృహప్రవేశంలో, నిండు బంతిలో ఆవిడ పరువు తీసింది నేనే. అలాంటిదాన్ని ఆ పట్టీయే కట్టుకున్నానని ఎవరితో చెప్పుకోను? చీర కింద చుట్టుకుని, పైన కోటు తొడుక్కుని ఊరుకున్నాను. తగ్గిందా అంటారా, తగ్గింది. ఆ సంగతి సైన్సుకి చెప్పలేదు. నాలుగు రోజులు పోయేసరికి ఒంటి మీద అదొకటుందన్న మాటే మర్చిపోయాను.

హారిక థీసిస్ అంతా ఊరి బయటి పాత గని దిబ్బ మీద ఆధారపడి ఉంది. డ్రోను ఆ దిబ్బ మీద నాగలి చాళ్ళలా తిన్నగా ఎగురుతూ ఫొటోలు తియ్యాలి, వాటిని అతికించి మ్యాపు చెయ్యాలి. అక్కడ ఎగరెయ్యడానికి టెర్మిన్, అంటే అనుమతిచ్చే తేదీ, దొరికేసరికి రెండు నెలలైంది. అదీ ఒక్క పూట, మధ్యాహ్నం పన్నెండు దాకానే. అది తప్పితే మళ్ళీ వసంతానికే. థీసిస్ వెనక్కి పోతుంది, దాంతోపాటు చేతికొచ్చిన ఉద్యోగమూ పోతుంది.

ఆ పొద్దున దిబ్బ దగ్గర నలుగురం ఉన్నాం. హారిక, దాని క్లాస్‌మేటు కరీంనగర్ పవన్, వాళ్ళ ప్రొఫెసరు, పిలవకుండానే వచ్చిన నేను.

"డ్రోను లోపల దిక్సూచి ఉంటుంది అమ్మమ్మా. కొత్త చోటికొచ్చాం కదా, సరిచెయ్యమంటోంది. దీన్ని పట్టుకుని ఉన్నచోటే చుట్టూ తిరగాలి," అంది హారిక.

"ఆత్మప్రదక్షిణమా? ఇలా ఇవ్వు. నాకు సర్వీసుంది."

చంటిపిల్లనెత్తుకున్నట్టు పొట్టకి ఆనించుకుని తిరిగాను. ఫోను టింగుమని, అంతా సవ్యమే అంది.

డ్రోను ఎగిరింది. ముందుకి పొమ్మంటే ఎడమకి పోయింది. ఆగమంటే సున్నాలు చుట్టింది. పెళ్ళిపందిట్లో కళ్ళజోడు లేకుండా చెప్పులు వెతుక్కునే పెద్దమనిషిలా దిబ్బంతా కలియదిరిగి వచ్చింది.

"గాలి కొడ్తున్నట్టుంది," అన్నాడు పవన్.

గుప్పెడు గడ్డి పీకి పైకి ఎగరేశాను. నిట్టనిలువునా నా కాళ్ళ మీదే పడింది. "గాలి లేదు నాయనా. ఇంకో కారణం చెప్పు."

"రెక్క ఇరిగిందేమో సూద్దామా అమ్మమ్మా?"

నాలుగు రెక్కలూ మార్చారు. మళ్ళీ నేనే తిరిగాను. ఈసారి భక్తి ఎక్కువై ఇంకాస్త గట్టిగా హత్తుకున్నాను. సున్నాలు ఇంకాస్త పెద్దవయ్యాయి.

పదకొండైంది. హారిక మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇంకో గంటే ఉంది అమ్మమ్మా."

అప్పుడు నాలో లెక్చరర్ లేచింది. "ఆగండి! ఇది ఇనుము పని. పక్కన ఇనుము ఉంటే దిక్సూచి ఇలాగే తప్పుతుంది. ఒంటి మీదున్న ఇనప సామానంతా తీసి దూరంగా పెట్టండి!"

ముప్పై ఏళ్ళ గొంతు. తాళాలు, గడియారాలు, పవన్ బెల్టు, అన్నీ కారులోకి వెళ్ళాయి.

"అమ్మమ్మా, బెల్టు లేకుంటే నా ప్యాంటు ఆగది."

"చేత్తో పట్టుకో. సైన్సు కోసం."

తర్వాత నా చూపు ప్రొఫెసర్ బూట్ల మీద పడింది. గనుల్లో వేసుకునే రకం, వేళ్ళ దగ్గర ఇనప తొడుగు.

"ఆయన్ని బూట్లు విప్పమనవే."

"అమ్మమ్మా! ఆయన నా గైడు!"

"దిక్సూచికి గైడేమిటి, గేదేమిటి? చెప్పు."

హారిక తనకొచ్చిన జర్మన్‌లో అతి మెత్తటి జర్మన్ ఏరుకుని చెప్పింది. ఆయన నన్నొకసారి చూసి, వంగి, విప్పేశారు.

మళ్ళీ నేనే తిరిగాను. డ్రోను ఈసారి ఏకంగా చెట్టు కొమ్మల్లో దూరబోయి, వెంట్రుకవాసిలో తప్పించుకుంది.

ప్రొఫెసర్ మేజోళ్ళతోనే కారు దాకా నడిచి, పాత ఇత్తడి దిక్సూచి ఒకటి తెచ్చి అరచేతిలో పెట్టి చూపించారు. ముల్లు బుద్ధిగా ఉత్తరం చూస్తోంది. నేనూ చూద్దామని దగ్గరికి వంగాను. ముల్లు గిరుక్కున తిరిగి నన్ను చూసింది. ఎడంపక్కకి జరిగాను. ముల్లూ జరిగింది. కుడిపక్కకి వచ్చాను. వచ్చింది.

"అరె, ఉత్తరం అమ్మమ్మ ఎన్కనే తిరుగుతుంది!" అన్నాడు పవన్, ప్యాంటు పట్టుకుని.

అప్పుడు గుర్తొచ్చింది. గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. నా నలుపు నడుం చుట్టూ ఉంది, దాని మీద చీర, చీర మీద కోటు. ఇంక కనిపించేదెలా?

"ఈ దిబ్బలోనే ఇనుమున్నట్టుందండీ," అన్నాను ఇంగ్లీషులో.

"ఈ దిబ్బని నేను నలభై ఏళ్ళుగా ఎరుగుదును మేడమ్," అన్నారాయన. "ఇక్కడికి కొత్తగా వచ్చింది మీరొక్కరే."

పదకొండున్నర. నిజం చెబితే హారిక చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టకుండా ఉండదు, సుభద్ర వదిన చూడకుండా ఉండదు. చెప్పకపోతే పిల్ల ఉద్యోగం గోవిందా. దాని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఇంకేం చేస్తాను? కారు చాటుకి వెళ్ళి పట్టీ విప్పాను. విప్పడమేమిటి, అది ఠప్పున కారు తలుపుకి అతుక్కుంది. ఎంత లాగినా రాలేదు. సాయానికి పవన్ని పిలవాల్సొచ్చింది. వాడికేమో ఒక్క చెయ్యే ఖాళీ.

"అమ్మమ్మా, ఇది సుభద్రమ్మమ్మ అమ్మే పట్టీ కదూ? నువ్వేనా..." అంది వెనకే వచ్చిన హారిక.

"నోరు మూసుకుని డ్రోను తిప్పు. టైమైపోతోంది."

ఈసారి హారికే తిప్పింది. నన్ను రోడ్డవతల నిలబెట్టారు. డ్రోను స్కేలు పెట్టి గీసినట్టు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. పన్నెండుకి రెండు నిమిషాలుందనగా ఆఖరి ఫొటో పడింది.

ఆ థీసిస్‌లో పొరపాట్లకు కారణాలని ఒక పేజీ రాయాలట. హారిక మొదటిది ఎండ అని, రెండోది తేమ అని రాసి, మూడోది 'అమ్మమ్మ' అని రాసింది. ప్రొఫెసరు కొట్టెయ్యలేదు. తీరా పరీక్ష రోజున ఒక పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని అడిగాడట: "ఈ మూడో కారణం మళ్ళీ తలెత్తకుండా ఏం జాగ్రత్త తీసుకున్నారు?"

"ఆవిడ వీసా అయిపోయిందండీ," అంది నా బంగారు తల్లి.

అందరూ గంభీరంగా తలలూపి మంచి మార్కులే వేశారట.

ఇప్పుడు మళ్ళీ వీసా వచ్చింది, నేనూ జర్మనీ వచ్చాను. కాబట్టి అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను, పెద్ద అక్షరాలతో రాయవే. ఇకమీదట ఒకరి చేత బూట్లు విప్పించే ముందు నా ఒళ్ళు నేను తడుముకుంటాను. ఎగిరేదాన్ని దేన్నీ పొట్టకి హత్తుకోను. పావురాన్నైనా సరే. వాటికీ లోపల దిక్సూచి ఉంటుందట.