పాకంలో తెల్లముద్ద

నేను ఒకసారి ఉగాది పచ్చడిని మాడబెట్టాను. పచ్చడి పొయ్యి మీద పెట్టేది కాదు కదా, ఎలా మాడిందంటారా? అక్కడే ఉంది నా ప్రతిభ.

అది 2009. లే ఆఫ్ అయి ఇంట్లో కూర్చుని, మా ఆవిడ పద్మ వంటని అనుమానిస్తున్న రోజులు. "ఇందులో ఉప్పు రెండుసార్లు వేశావా?" అని అడిగి అడిగి విసిగిస్తే, నన్ను తీసుకెళ్లి డాక్టర్ మూర్తిగారికి అప్పగించింది. రిటైరయ్యాక ఆయన అమెరికాలో, వెర్మాంట్‌లో మా ఇంటికి దగ్గర్లోనే మేపుల్ చెట్ల తోట కొని, వాటి తియ్యటి రసంతో పాకం కాస్తున్నారు. చలి తగ్గే ఆ కొద్ది వారాలే సీజను. ఆ ఏడు మన తెలుగువాళ్ల ఉగాది పచ్చడిలో బెల్లం బదులు తన పాకమే పడుతుందని ఆయన అందరికీ మాటిచ్చేశారు.

రోజూ పద్మ ఇచ్చిన సంచీ ఆయన చేతిలో పెట్టి పనిలోకి దిగేవాణ్ణి. మొదటిరోజే చెట్టు నుంచి కారే రసం రుచి చూసి, "ఇందులో ఎవరో నీళ్లు కలుపుతున్నారండీ" అన్నాను.

"చెట్టు కలిపిందేమో, వెళ్లి అడిగి రా. అందుకేనోయ్ గంటలకొద్దీ మరిగించేది" అని నవ్వారాయన.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. పైగా రేకు తొట్టెలో రసం మరిగి నురగ పొంగినప్పుడల్లా ఓ పెరుగు డబ్బాలోంచి తెల్లటి ముద్ద గోరంత తీసి వేసేవారు. పొంగు టక్కున దిగిపోయేది.

"అదేంటండీ?"

"సీక్రెట్ లేవోయ్" అని కన్ను గీటారు.

దాపరికం లేని మనిషి కన్నెందుకు గీటుతాడు, మీరే చెప్పండి. పొంగు అణచడానికి పూర్వం ఇక్కడ పందికొవ్వు వాడేవారని గ్యాస్ స్టేషన్‌లో ఓ పెద్దాయన చెప్పగా విన్నాను. మా గుంపులో పప్పులో వెల్లుల్లి తగిలితేనే విస్తరి ముందు నుంచి లేచిపోయేవాళ్లున్నారు! వాళ్ల ఆచారమంతా నా భుజాల మీదే ఉన్నట్టు భయమేసింది.

సీజన్‌లో ఆఖరి కాపు. మూర్తిగారు కట్టెలు తేవడానికి వెళ్తూ, "కామేశ్, పొంగితే కాస్త వెయ్యి" అన్నారు. ఆయన అటు తిరగ్గానే డబ్బాని మంచులో పాతిపెట్టాను. నురగ లేచింది. గరిటెతో కలిపాను. ఊదాను. చివరికి "ఆగవే తల్లీ" అని బతిమాలాను కూడా. పాకం పొంగి పొయ్యి చుట్టూ పారింది. అడుగున మిగిలింది మాడి నల్లబడింది.

మూర్తిగారు పరుగెత్తుకొచ్చారు. "డబ్బా ఏదోయ్?"

"పాతేశానండీ. పందికొవ్వుతో ఉగాదేంటండీ?"

ఆయన కట్టెల మీద కూలబడ్డారు. "కొవ్వేంటోయ్! మీ ఆవిడ కాచి పంపిన నెయ్యి, చలికి గడ్డకట్టింది. రోజూ సంచీలో మోసుకొచ్చింది నువ్వే కదయ్యా!"

ఊరందర్నీ అనుమానించినవాణ్ణి, నా చేతిలో సంచీ ఒక్కటీ విప్పి చూడలేదు.

ఉగాదినాడు అందరూ చేరినప్పుడు, ఇచ్చిన మాట కోసం ఆయన ఆ మాడు పాకమే పచ్చడిలో పోయించారు. సిగ్గుతో నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఒక పెద్దావిడ చప్పరించి కళ్లు మూసుకుంది. "ఎన్నేళ్లకు తగిలిందండీ అసలైన చేదు! ఈ దేశంలో వేపపువ్వు ఎక్కడ దొరికింది డాక్టరుగారూ?"

మూర్తిగారు నన్ను చూపించారు. "మా కామేశ్ ప్రత్యేకంగా తయారుచేశాడండీ."

"అయితే ఏటా నువ్వే చెయ్యాలి నాయనా!"

ఆ పచ్చడి సాక్షిగా ఒట్టేశాను, ఈ జన్మలో ఎవర్నీ అనుమానించనని. ఇప్పటికీ ఆ ఒట్టు మీదే ఉన్నాను. కాకపోతే, పద్మ ఇచ్చిన సంచీ మాత్రం విప్పి చూస్తుంటాను.