కొండకు పెట్టని కందులు

పుష్యమాసం వచ్చిందంటే విజయనగరం బస్టాండు బయట కొండ నుంచి దిగిన ఆడవాళ్ళు పచ్చి కందికాయలు ఉడికించి అమ్ముతారు. మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద మసిబారిన కుండ, మూత తీసినప్పుడల్లా ఉప్పూ పచ్చికాయా కలిసిన ఆవిరి. మొన్న పొద్దున్న పార్వతీపురం బస్సు కోసం నిలబడి ఉంటే ఆ ఆవిరి నా మొహానికి కొట్టింది. కాయలమ్మే మనిషిని, "ఈ ఏడు మీ ఊళ్ళో కొత్త పెట్టీసినారా?" అని అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "పెట్టకుండా కిందకి తెస్తామేటి బాబూ? జాకరమ్మ ఊరుకుంటాదేటి?" అని నవ్వింది. నా పక్కనున్న కాలేజీ కుర్రాడికి మా మాటలు బోధపడలేదు. ఒకప్పుడు నాకూ బోధపడేవి కావు. బోధపడేలా చేసిన మనిషి సీతారత్నం గారు. ఆవిడకు కూడా అవి చాలా ఆలస్యంగా తెలిశాయి.

సీతారత్నం గారు విజయనగరంలో ఆడపిల్లల హైస్కూలుకు హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. పిల్లలు లేరు, భర్త పోయి చాలాకాలం. ఆవిడ గొంతు వినిపిస్తే బడి గంట కొట్టనక్కరలేదని ఊళ్ళో చెప్పుకునేవారు. పంతొమ్మిదివందల అరవైల చివర ఏజెన్సీ కొండల్లో అలజడి మొదలైంది. పైన తుపాకులు పట్టినవాళ్ళు, కింద పోలీసులు, మధ్యలో ఊళ్ళు. పైవాళ్ళకు తిండి అందకూడదని కొండమీది ఊళ్ళను ఖాళీ చేయించి, జనాన్ని రోడ్డు పక్కకు దింపి, తాటాకు పాకలు వేసి కాపలా పెట్టారు. ఎక్కువమంది జాతాపు తెగవాళ్ళు. వాళ్ళు కోయవలసిన పంట పైనే ఉండిపోయింది. విజయనగరం పెద్దలు కొందరు చందాలు పోగుచేసి పార్వతీపురానికి అవతల ఒక క్యాంపులో గంజి కేంద్రం పెట్టారు. అక్కడ ఉండి నడిపేవారెవరని అడిగితే ఆ పెద్దలంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. పెట్టె సర్దుకుని బయలుదేరింది సీతారత్నం గారు.

నేను అప్పటికి ఒక దినపత్రికకు కొత్తగా వార్తలు పంపుతున్నవాణ్ణి. కేంద్రం గురించి రాయమంటే వెళ్ళాను. నేను వెళ్ళేసరికి ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, గుండిగలో తెడ్డు తిప్పుతున్నారు. పేరు చెప్పి నమస్కారం పెట్టాను.

"పేపరోడివా? రాయడం తర్వాత. ముందు ఆ చెవి పట్టుకో, దింపాలి. మసిగుడ్డ లేకుండా పట్టుకుంటావేటోయ్, చెయ్యి కాల్చుకుని దాని గురించి కూడా వార్త రాస్తావా?"

వరసలో కూర్చున్న ఆడవాళ్ళు నవ్వారు. ఆ క్యాంపులో నేను విన్న మొదటి నవ్వు అది. తర్వాత ఎక్కువ వినలేదు. ఆ మధ్యాహ్నం నేను రాసుకున్నది చదవమన్నారు. "పొట్ట చేతపట్టుకుని కొండ దిగి వచ్చిన గిరిజనులు" అని మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. "వాళ్ళు వచ్చారా? వెళ్ళి అడుగు." అడిగాను. సోమయ్య అనే ముసలాయన చుట్ట నోట్లోంచి తీసి, "మేమెందుకొస్తాం బాబూ? తెచ్చినారు. మా పిల్లీ కోడీ పైనే ఉండిపోనాయి" అన్నాడు. తిరిగొచ్చి ఆ వాక్యం కొట్టేశాను. ఆ తర్వాత వారానికి రెండు మూడుసార్లు, పత్రికకు పనిలేకపోయినా, అక్కడికి వెళ్ళేవాణ్ణి.

సోమయ్య ఆ ఊరి జన్నోడు, అంటే పూజారి. ఆయన కోడలు సుక్కమ్మకు చంటిపిల్ల. సుక్కమ్మ మొగుడు పైనే ఉండిపోయాడో, ఎవరైనా పట్టుకుపోయారో ఆమెకే తెలియదు. పిల్ల ఏడుపు ఏడుపులా ఉండేది కాదు, గాలి పోతున్న తిత్తిలా ఉండేది. సీతారత్నం గారు రోజూ ముందు ఆ పిల్లను చూసి, తర్వాత పొయ్యి దగ్గరకు వెళ్ళేవారు. "ఉత్త గంజితో తల్లికి పాలు పడవు. పప్పు కావాలి" అని చందాల పెద్దల ప్రాణం తీశారు. చివరికి నరసన్నపేట నుంచి ఒక వర్తకుడు లారీలో కందులూ, కందిపప్పూ పంపాడు. ఆ ఏటి పంట. బస్తా విప్పగానే ఘుమ్మని వాసన. ఆవిడ పసుపూ మిరపకాయా వేసి స్వయంగా పప్పు వండి, మొదటి గరిటె సుక్కమ్మకు వడ్డించారు.

సుక్కమ్మ ఆకులో పప్పు చూసింది, మామ వైపు చూసింది, ఆకు పక్కకు జరిపింది. వరసంతా అలాగే జరిపింది. గంజి తాగి లేచిపోయారు.

రెండో రోజూ అంతే. క్యాంపు ఆఫీసరు వచ్చి నిండుగా ఉన్న గుండిగను చూశాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. చలికి వణుకుతున్న ఒక ముసలమ్మకు తన దుప్పటి ఇచ్చేయడం నేను చూశాను. "ఆకలి లేనివాళ్ళకు అన్నం ఎందుకు మేడం? పైనుంచి రహస్యంగా తిండి వస్తోందేమో. ఇలాగే ఉంటే కేంద్రం ఎత్తేయమంటారు" అన్నాడు. ఆయన వెళ్ళాక సీతారత్నం గారు సోమయ్య ముందు నేలమీద కూర్చున్నారు.

"ఏం సోమయ్యా, నా వంట నచ్చలేదా?"

"వంటకేటి పంతులమ్మా, వాసనకే పేగులు లేసొస్తన్నాయి. కొత్త కంది. కొత్త పెట్టకుండా మేం తినం."

"కొత్త పెట్టడమంటే?"

"ముందు మా కొండదేవత జాకరమ్మకి పెట్టాల. తర్వాత పోయిన మా పెద్దలకి. ఆళ్ళు తిన్నాక మేము. పైన మా రాళ్ళ కాడ పెట్టాల."

"ఇక్కడే ఒక రాయి పెట్టుకుని చేసుకోకూడదా?"

సోమయ్య మొదటిసారి చిరాకుపడ్డాడు. "మీ అయ్య తద్దినం పొరుగోడి ఇంట్లో పెడతావేటమ్మా?"

ఆవిడ నవ్వేశారు. మర్నాడు ఆఫీసరు దగ్గరకు వెళ్ళి, ఒక్క పగలు, నలుగురే మనుషులు, కావాలంటే పోలీసులే వెంట వెళ్ళవచ్చు, కొండెక్కనివ్వండి అని అడిగారు. పండగ పేరుతో పైవాళ్ళకు గింజలు మోస్తారని ఆయన భయం. పై అధికారులకు రాసి చూస్తానన్నాడు. మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ అదే మాట. ఈలోగా పిల్ల కళ్ళు లోపలికి పోయాయి. ఆవిడ పొయ్యి పక్కన కూర్చుని, నాతోనో తనతోనో అన్నారు: "నా చిన్నప్పుడు జ్వరమొస్తే మా అమ్మ ఏకాదశినాడు నాకు చారన్నం పెట్టేసింది. రోగికి ఏకాదశి లేదంది. తెలియక తిన్నవాడికి దోషం లేదంది."

ఆ మర్నాటి నుంచి గంజి కొంచెం చిక్కబడింది. వంటపాక వెనక తిరగలిలో కందిపప్పు మెత్తగా విసిరి, వేయించి, నూకల గంజిలో కలుపుతున్నారు. మిరియాల పొడి వేసి వాసన చంపారు. ఆ సంగతి తెలిసింది ఆవిడకూ, వంటమనిషికీ, నాకూ. సుక్కమ్మకు పాలు పడ్డాయి. పిల్ల ఒకరోజు గట్టిగా, మామూలు పిల్లలా, క్యాంపంతా వినిపించేలా ఏడ్చింది. సీతారత్నం గారు తెడ్డు వదిలేసి పాక బయటకు వచ్చి ఆ ఏడుపు విన్నారు. నేను ఆవిడ మొహంలో అంత సంతోషం ఎప్పుడూ చూడలేదు. నాకు కూడా అది తప్పని తోచలేదు. పిల్ల బతుకుతోంది, అంతకన్నా ఏం కావాలి?

పొయ్యిలోకి నిప్పు అడగడానికి వెనకనుంచి వచ్చిన ఒకామె తిరగలి చుట్టూ పడిన పిండిని చూసింది. వేలితో తీసి వాసన చూసింది. నిప్పు తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

కాసేపటికి సోమయ్య వచ్చాడు. కేకలు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. సత్తు గిన్నె తెచ్చి గుమ్మం దగ్గర బోర్లించాడు.

"అమ్మ పెట్టిందని తిన్నాం పంతులమ్మా. ఏటి కలిపినావని అడగనేదు."

"పిల్ల చచ్చిపోయేది సోమయ్యా. తెలియక తిన్నదానికి పాపం ఉండదు."

"తినీసినోడికి తెలీదు. సూస్తన్న కొండకి తెలీదేటి? మా పెద్దలు పైన ఆకలితో ఉన్నారు. ఆళ్ళకన్నా ముందు మేం తినీసినాం. నువ్వు అడిగుంటే, గుంట బతకాల, దాని తల్లికి మట్టుకు పెడతానని అడిగుంటే, నేను మొక్కుకునేవోణ్ణి. దానికోటి దారి ఉన్నాది. ఇప్పుడు నేదు" అన్నాడు.

ఇంత పెద్ద చదువు చదివిన మనిషి తలవంచుకుని నిలబడ్డారు. దారి ఉందని ఆవిడకు తెలియదు. తెలియకపోవడానికి కారణం అడగకపోవడమే. ఇప్పుడేం చెయ్యాలని అడిగారు. పైకి వెళ్ళి కొత్త పెట్టి, తప్పు చెప్పుకోవాలన్నాడు. తిన్నవాళ్ళు రావాలి, సుక్కమ్మ కూడా రావాలి. ఆవిడ బతిమాలారు: "సుక్కమ్మనీ పిల్లనీ నా దగ్గర ఉంచు. మంచు పడుతోంది." "అదీ తినీసింది కదమ్మా" అన్నాడు. ఆయన కందులు అడగలేదు. ఆవిడే లోపలికి వెళ్ళి బస్తా విప్పి, ఆయన తువ్వాలులో రెండు దోసిళ్ళ కందులు పోసి మూటకట్టి ఇచ్చారు. పూజకు ఖాళీ చేతులతో ఎలా వెళ్తాడు? కట్టెలకని చెప్పి, మిట్టమధ్యాహ్నం, సోమయ్య ఇంటివాళ్ళూ, కాపలావాళ్ళకు అనుమానం రాకుండా మరికొందరూ మాత్రమే గెడ్డ వాగు వెంట నడిచి వెళ్ళారు. పొదల్లో కనుమరుగయ్యేదాకా ఆవిడ చూస్తూ నిలబడ్డారు.

వాళ్ళు తమ ఊరు చేరలేదు. కొండ సగంలో గస్తీవాళ్ళు పట్టుకున్నారు. తువ్వాలు విప్పితే కందులు. పైవాళ్ళకు గింజలు మోస్తున్నాడని సోమయ్యను శ్రీకాకుళం జైలుకు పంపారు. ఆ మూట తానిచ్చిందని సీతారత్నం గారు క్యాంపు ఆఫీసరుకు, ఆయన పై అధికారులకు, వినేవాళ్ళకూ విననివాళ్ళకూ చెప్పారు. "మీరు మంచివారు మేడం, వాడు మిమ్మల్ని మోసం చేశాడు" అన్నారు. వ్యాను వచ్చేదాకా, రాత్రంతా మంచులో, మిగతావాళ్ళను ఆరుబయట కూర్చోబెట్టారు. సుక్కమ్మ క్యాంపుకు తిరిగి వచ్చినప్పుడు ఆమె వీపుకు కట్టిన గుడ్డ వదులుగా వేలాడుతోంది. పిల్లను దారిలోనే గెడ్డ పక్కన పూడ్చారట. సీతారత్నం గారు ఆమె దగ్గరకు వెళ్ళారు గానీ ముట్టుకోలేకపోయారు.

మర్నాడు ఆవిడ ఉత్త గంజే వండించారు. కానీ బియ్యం నూకలు నిండుకున్నాయి, తర్వాతి రోజుకు పప్పే మిగిలింది. దాచకుండా, అందరి కళ్ళముందూ వండి, "ఇది కొత్త కంది. మీ ఇష్టం" అని చెప్పారు. ఎవరూ సోమయ్య కూర్చునే చోటు వైపు చూడలేదు. తిన్నారు. పిల్లలు తిన్నారు, ముసలివాళ్ళు తిన్నారు, సుక్కమ్మ తిన్నది. వద్దనే మనిషి లేడు, కొండకు పెట్టే దారి లేదు, కావాలని తిన్న మనిషీ లేడు. వేలితో ఆకులు తుడిచి మరీ తిన్నారు. గుండిగ అడుగంటింది. ఆఫీసరు చూసి సంతోషించాడు. "చూశారా మేడం, మెల్లగా అలవాటైపోతుంది" అన్నాడు.

సీతారత్నం గారు నా వైపు తిరిగి, "తిన్నారని రాస్తావు కదూ? రాయి. ఎందుకు తిన్నారో కూడా రాయి" అన్నారు. రెండూ రాశాను. మొదటిదే అచ్చయింది.

కొన్నాళ్ళకు ఆవిడ పట్టుబట్టి అనుమతి తెచ్చుకుని జైల్లో సోమయ్యను చూడబోతే నేను వెంట వెళ్ళాను. మనిషి సగమయ్యాడు. ఊచల అవతల నుంచి చేతులు జోడించి, "గుంట ఎలాగున్నాది?" అని అడిగాడు. ఆవిడ చెప్పారు. ఆయన జోడించిన చేతులు దించేశాడు.

"మిగతావోళ్ళు?"

"ఉన్నారు."

"ఏటి తింటన్నారు?"

"కొత్త కందే సోమయ్యా. ఈసారి చెప్పే పెట్టాను" అన్నారు.

"తింటన్నారా?"

"తింటున్నారు."

ఆయన తలూపాడు. "నాకూ ఇక్కడ అదే పెడతన్నారమ్మా" అని మాత్రం అన్నాడు. అన్నం పళ్ళెం ముట్టుకోకుండా పంపేస్తున్నాడని వార్డరు బయట మాకు చెప్పాడు. తర్వాత ఆయన ఎన్నాళ్ళున్నాడో మాకు తెలియలేదు. అడిగిన ప్రతిచోటా ఇంకోచోట అడగమన్నారు.

తిరిగి వస్తుంటే బస్సు నాగావళి వంతెన దాటాక ఆవిడ, "తినడం లేదని అబద్ధం చెప్పుంటే ఆ ముసలాయనకు కాస్త ఊరటగా ఉండేదేమోనోయ్" అన్నారు. ఆవిడ క్యాంపు ఎత్తేసేదాకా ఆ పొయ్యి దగ్గరే ఉన్నారు. విజయనగరంలో సన్మానం చేస్తామంటే తలుపు వేసుకున్నారు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆ తర్వాత నా ఉద్యోగమంతా తుఫానులూ, వరదలూ, నిర్వాసితుల కాలనీలూ. ఎక్కడికి వెళ్ళినా, ఎందరికి పెట్టారని అధికారులను అడిగేముందు, వరసలో ఉన్నవాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని మీరు ఏమేం తినరు, ఎందుకు తినరు అని అడుగుతాను. మొదట అనుమానంగా చూస్తారు. తర్వాత ఒక్కొక్కరే చెబుతారు, కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. అన్నీ రాసుకుని వెళ్ళి వండేవాళ్ళకు చెబుతాను. వాళ్ళు ఓపికగా వింటారు. తర్వాత ఉన్నదే వడ్డిస్తారు, వీళ్ళు తింటారు.