విషయం దగ్గర రాసిన పేరు

కక్కలేక మింగలేక ఇన్నేళ్లు మోశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం నాకు ఎప్పుడూ లేదు.

హుకుంపేట దాటాక ఒక కొండ ఊరి బడిలో నేను టీచర్ని. మాది కింద మైదానం. ఇక్కడ ఒక్కదాన్నే ఉంటాను. బడి గంట కొట్టాక నాతో మాట్లాడే మనిషి ఒక్కతే, పిల్లలకు వంట చేసే సుక్రి. అది ఆమె అసలు పేరు కాదు. ఈ జాగ్రత్త నాకు ఆలస్యంగా అబ్బింది.

సుక్రికి బుద్రి నేస్తం. ఇక్కడ నేస్తం అంటే ఊరికే స్నేహితురాలు కాదు. ఊరి దేవత ముందు నేస్తం కట్టుకుంటారు. ఆ రోజు నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు, ‘నేస్తం’ అనే అంటారు. ఒక ఇంట్లో చావైతే రెండో ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగదు.

ఊరి పైన కొండ మీదికి రాతి క్వారీ వచ్చింది. దాని బురద ఊటలోకి దిగింది. ఆ నీళ్లతోనే సుక్రి అన్నం వండాలి. గుడ్డ కట్టి వడపోసేది, గుడ్డంతా ఎర్రగా అయిపోయేది. ఆ బురదను ఫోనులో ఫొటోలు తీసి నా దగ్గరికి వచ్చింది. పట్నంలో ఒక మంచి విలేకరి ఉన్నాడనీ, మెయిల్‌కు తాళం వేసి పంపడం నేను శిక్షణలో నేర్చుకున్నాననీ గొప్పలు పోయింది నేనే.

“నా పేరు ఎక్కడా పడదు గదేటి టీచరమ్మా? మా ఆయన ఆ క్వారీ ఆల ట్రాక్టరే తోల్తన్నాడు.”

“పడదు.”

“ఆల సేతికి సిక్కితేనో?”

“చిక్కినా చదవలేరు సుక్రీ. తాళంచెవి ఆ విలేకరి దగ్గరే ఉంటుంది. ఒకసారి తాళం వేశాక నేను కూడా తెరవలేను.”

ఆమె నవ్వింది. “మా నేస్తానికి సెప్పాను. ఇంక నీకు. మరెవులికీ తెల్దు.”

ఎంత జాగ్రత్త పడ్డానో చెబితే నవ్వుతారు. పేరు లేని కొత్త మెయిల్ తెరిచాను. ఫొటోలు ఎక్కడ తీసినవో చెప్పే గుర్తులన్నీ చెరిపాను. ఆ తాళానికి గుర్తుగా ఉండే అక్షరాల వరస విలేకరిదేనా అని ఫోన్ చేసి అక్షరం అక్షరం సరిచూసుకున్నాను. మీట నొక్కగానే ఉత్తరమంతా తలాతోకా లేని అక్షరాల కుప్ప అయిపోయింది. అప్పుడు పైన ‘విషయం’ అని ఒక ఖాళీ కనిపించింది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి అర్జీలు రాసి రాసి అలవాటుపడిన చెయ్యి. విషయం లేని అర్జీని ఏ ఆఫీసులో తీసుకుంటారు? ఊరి పేరు వేసి, ‘క్వారీ బురద ఊటలో కలియుట, వంటమనిషి సుక్రి ఫిర్యాదు గురించి’ అని రాశాను. పొందిగ్గా కుదిరిందని మురిశాను కూడా.

ఆ వరసకు తాళం పడదు. నేను వాడిన పద్ధతిలో తాళం లోపలి ఉత్తరానికే. శిక్షణలో ఈ మాట చెప్పారు. నేను విన్నానా? విన్నాననే అనుకుంటున్నాను. మరి చెయ్యి ఎందుకు ఆగలేదు?

కొన్నాళ్లకు సుక్రి భర్తను పనిలోంచి తీసేశారు. ఒకరోజు పొద్దున్నే వెళ్లి చూస్తే, వాళ్ల కాఫీ తోటలో చెట్లకు పాకించిన మిరియాల తీగలన్నీ మొదలంటా నరికి ఉన్నాయి. ఆ తర్వాత విలేకరి నాకు ఫోన్ చేశాడు. వాళ్ల ఆఫీసులో ఆ మెయిళ్లు నలుగురూ చూస్తారట. ఉత్తరం ఎవరూ తెరవలేదు, తెరవాల్సిన పనే లేకపోయింది. పై వరస చదివినవాడెవడో క్వారీవాళ్ల చెవిన వేశాడు. ఆమెకు మీరే చెప్పండి అన్నాడు. చెబుతానన్నాను.

చెప్పాలనే వెళ్లాను. సుక్రి బడి వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని ఉంది. నేను నోరు తెరిచేలోపే అంది, “మా నేస్తమే సెప్పేసింది టీచరమ్మా. నువ్వు తాళం ఏసినావు గదా.”

నా తాళం మీద అంత నమ్మకం. కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎసరు పొంగుతోంది. లేచి మూత తీశాను. అంతే చేశాను.

ఆ వారం సంతలో బుద్రి అడ్డాకులు అమ్ముతూ కూర్చుంది. సుక్రి ఆమె ముందు ఆగి, నలుగురూ వింటుండగా, “బుద్రీ” అని పిలిచింది. ఇంకేమీ అనలేదు. నేస్తం తెగిందని చెప్పడానికి ఇంకేమీ అక్కర్లేదు. బుద్రి తిట్టలేదు, ఒట్లు వేయలేదు. ఆకుల కట్ట విప్పి మళ్లీ కట్టింది, మళ్లీ విప్పింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఎందుకు నోరు విప్పలేదు? ఉద్యోగం పోతుందనా? కాదు. సుక్రి కూడా దూరమైతే సాయంత్రాలు నాతో మాట్లాడే మనిషే ఉండదని. ఒంటరితనం మనిషిని ఇంత నీచానికి దించుతుందా, లేక నా బుద్ధే ఇంత కాబట్టి ఒంటరిగా మిగిలానా? నాకు తెలియదు.

అక్కడితో ఆగినా బాగుండేది. చైత్ర పండగనాడు సుక్రి నా చేతిలో పువ్వు పెట్టి, నేస్తం కట్టుకుందామంది. కట్టుకున్నాను. అప్పటి నుంచి ఆమె నన్ను టీచరమ్మా అనడం లేదు. ‘నేస్తం’ అని పిలిచినప్పుడల్లా, బుద్రి కంచంలోంచి ముద్ద తీసి తింటున్నట్టే ఉంటుంది. అయినా పలుకుతాను.

కిందటేడు బుద్రి తల్లి పోయింది. ఆ రోజు సుక్రి ఇంటి మీద పొగ లేచింది. పొయ్యి ముట్టించి, గుమ్మంలో నిలబడి, బుద్రి ఇంటివైపు చాలాసేపు చూసింది. నేను అక్కడే ఉన్నాను. ఆ రోజూ చెప్పలేదు.

సుక్రికి చదువు రాదు. ఎవరైనా దీన్ని ఆమెకు చదివి వినిపిస్తారో లేదో తెలియదు. అందరికీ మారుపేర్లు పెట్టాను, ఊరి పేరు వేయలేదు, నా పేరైతే అసలే లేదు. నన్ను నేను దాచుకోవడం నాకు ఇప్పటికీ బాగానే చేతనవుతోంది. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. కానీ ఇంతవరకూ రాశాక గొంతు కొంచెం తేలికైంది. అది నిజం.

ఇది పత్రికకు మెయిల్‌లో పంపుతున్నాను. ఈసారి తాళం వేయలేదు. ‘విషయం’ దగ్గర చెయ్యి ఆగింది. ఆగి, ఎవరు చూసినా చదువుకునేలా, తెలిసే రాశాను.

విషయం: బుద్రి ఎవరికీ చెప్పలేదు. బయటపెట్టింది నేను.