కిమ్చీకి ఉప్పు చాలలేదు

డల్లాస్, 1984. ఆదివారం సాయంత్రం.

ఈ రోజు చర్చి అయ్యాక నేనూ, మా ఆవిడ సుగుణా మా అపార్ట్‌మెంట్ ఎదురుగా ఉన్న చిన్న కొరియన్ హోటలుకి వెళ్లాం. చవక, పైగా మన నాలుక్కి సరిపడే కారం దొరికేది అక్కడే. అమెరికా వచ్చిన ఈ మూడేళ్లలో సుగుణ బయటివాళ్లతో ఇంగ్లీషులో నోరు విప్పలేదు. ఏం కావాలన్నా నా చొక్కా లాగుతుంది.

అలాంటి మనిషి, క్యాబేజీతో పెట్టిన వాళ్ల ఊరగాయ కిమ్చీ నోట్లో వేసుకోగానే నేరుగా ఓనరమ్మనే పిలిచింది.

"సాల్ట్ లెస్! టూ డేస్, స్పాయిల్!"

నాకు చెమటలు పట్టాయి. ఓనరమ్మ మొహం ముడుచుకుని లోపలికి వెళ్లి, పెద్ద బేసిన్ మోసుకొచ్చి సుగుణ ముందు పెట్టింది. వాళ్ల అత్తగారు ఊళ్లో లేరట, మొదటిసారి తనే కలిపిందట. ఆ మాట వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పి, ఉప్పు డబ్బా సుగుణ చేతికిచ్చింది.

సుగుణ గుప్పెడు చల్లి, కలిపి, ఆవిడకి రుచి చూపించింది. ఆవిడ నవ్వేసింది. ఈమె నా భార్యేనని పక్క టేబుళ్ల వాళ్లందరికీ చెప్పాలనిపించింది.

బయటికొచ్చాక అడిగాను, "ఇంత ఇంగ్లీషు ఎక్కడ దాచావే?"

"ఊరగాయ పాడైపోతుంటే చూస్తూ ఊరుకుంటామేంటండీ?"

ఇంగ్లీషు క్లాసులో చేరమని మూడేళ్లుగా పోరుతున్నాను. ఇంకా పోరమంటారా, మానేయమంటారా?